ప్రాణం దక్కింది, కాలు నిలవడం లేదు

తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డవాళ్లలో చాలామందిని వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు వెంటాడే బాధ తల తిరగడం, తూలిపోవడం. స్కానింగులో కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదరదు. కానీ దానికి కారణాలున్నాయి. పట్టుకునే పరీక్షలున్నాయి. చాలావాటికి వైద్యమూ ఉంది.

బైకు మీంచి పడ్డ మనిషి వారం పది రోజుల్లో ఆస్పత్రి నుంచి ఇంటికొస్తాడు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. లేదంటే కొద్దిగా రక్తం గడ్డకట్టింది, అదే కరిగిపోతుందన్నారు. కుట్లు విప్పేశారు. చుట్టాలు బత్తాయిలు పట్టుకొచ్చి, గండం గడిచిందని చెప్పి వెళ్లారు. ఇక పనిలోకి వెళ్లడమే తరువాయి అనుకుంటున్నప్పుడు మొదలవుతుంది. పక్కమీద కుడివైపుకి ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరుగుతుంది. తలస్నానం చేస్తూ సబ్బు నురగకి కళ్లు మూసుకుంటే ఒళ్లు గోడవైపు ఒరిగిపోతుంది. అటక మీది డబ్బా కోసం తలెత్తినా, చెప్పుల కోసం వంగినా అదే వరస. బజారుకెళ్తే ఎదురొచ్చే జనాన్ని చూస్తేనే కడుపులో తిప్పేస్తుంది.

“నీరసంరా, రెండు రోజులు పడుకుంటే అదే సర్దుకుంటుంది” అంటుంది అమ్మ. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. ఒకరు గ్యాసంటారు, ఒకరు బీపీ పడిపోయిందంటారు, మరొకరు మెడ నరం నొక్కుకుపోయిందని పట్టీ కట్టిస్తారు. మళ్లీ పెద్దాస్పత్రికి వెళ్తే తల తిరుగుడు బిళ్లలు నెలకు సరిపడా రాసిస్తారు. అవి అయిపోతే మందుల షాపులో అదే చీటీ చూపించి మళ్లీ తెచ్చుకుంటారు. అసలు ఎందుకు తిరుగుతోందో ఎవరూ చూడకుండానే ఏడాది గడిచిపోతుంది.

ప్రమాదంలో చిక్కుకున్న మనిషిని బతికించే విషయంలో తెలుగునేల చాలా ముందుకొచ్చింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అప్పుచేస్తే తప్ప తల ఆపరేషన్ చేయించుకోలేని కుటుంబాలకు ఆసరా దొరికింది. ఇవి రెండూ ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో ఊరూరా తెలుసు. అయితే ఆ దారి డిశ్చార్జి కాగితం దగ్గర ఆగిపోతోంది. ప్రాణం దక్కిన మనిషి మళ్లీ నిటారుగా నడిచి, నిచ్చెనెక్కి, బండి నడిపి, పని చేసుకునేదాకా తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసిలేదు. ఈ కథనం ఆ ఖాళీ గురించే.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి, 1,68,491 మంది చనిపోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. పోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. గాయాలు మానాక ఆ నాలుగు లక్షల పైచిలుకు మంది ఎలా నడుస్తున్నారో మాత్రం ఆ పట్టికల్లో ఉండదు. రోడ్డు ఒక్కటే కాదు. తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుడు, సెంట్రింగు పరంజా మీంచి పడ్డ కూలీ, తడిసిన బాత్‌రూంలో జారిపడ్డ పెద్దావిడ... తలకు తగిలే దెబ్బలకు దారులు చాలా.

ఆస్పత్రిలో దెబ్బ తీవ్రతను గ్లాస్గో కోమా స్కేల్‌తో కొలుస్తారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు 1974లో రూపొందించిన కొలమానం అది. కళ్లు తెరవడం, మాట్లాడటం, కదలడం చూసి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. 13 గానీ అంతకు మించి గానీ వస్తే తేలికపాటి దెబ్బ కింద లెక్క. ఆ మార్కులు మనిషి ఆ గంటలో ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెబుతాయి. మూడు నెలల తర్వాత మెట్లు దిగగలడో లేదో చెప్పవు. 15కి 15 వచ్చినవాళ్లు కూడా నెలల తరబడి గోడలు పట్టుకుని నడవొచ్చు.

చెవి చెప్పేదొకటి, కన్ను చెప్పేదొకటి

మనిషి నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి ఎడతెగకుండా కబుర్లు అందాలి. గోడలూ గుమ్మాలూ నిలువుగా ఉన్నాయని కళ్లు చెప్పాలి. ఒంటి బరువు ఎటు పడుతోందో పాదాలు, కీళ్లు, మెడ కండరాలు చెప్పాలి. తల ఎటు తిరిగింది, ఎంత వేగంగా తిరిగింది అన్నది లోచెవి చెప్పాలి. ఈ మూడింటినీ మెదడు కాండం, చిన్నమెదడు కలిపి సరిచూసుకుంటాయి.

లోచెవి అనేది కణత ఎముక లోపల దాగి ఉండే చాలా చిన్న నిర్మాణం. అందులో ఒకదానికొకటి అడ్డంగా అమరిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటి నిండా ద్రవం. తల తిరిగితే ద్రవం ఒక క్షణం వెనకబడి కదులుతుంది, ఆ తేడాను సన్నటి కేశ కణాలు పసిగట్టి నరానికి చేరవేస్తాయి. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడి ఆగగానే లోకమంతా తిరగడం గుర్తుంది కదా! ఒళ్లు ఆగింది, గొట్టాల్లో ద్రవం ఆగలేదు. తిరుగుతున్నామని చెవి అంటుంది, నిలబడ్డామని కాళ్లు అంటాయి. రెంటి మధ్య మెదడు తికమకపడుతుంది. ఆ కొద్ది క్షణాల తికమక రోజంతా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, తలకు దెబ్బ తగిలిన మనిషి పడే అవస్థ కొంత తెలుస్తుంది.

లోచెవికి ఇంకో పని ఉంది. తల ఎటు కదిలితే దానికి సరిగ్గా ఎదురు దిక్కుకి కళ్లను తిప్పడం. నడుస్తూ కూడా దుకాణం బోర్డు చదవగలుగుతున్నామంటే ఇందువల్లే. ఒంట్లో అత్యంత వేగంగా జరిగే అసంకల్పిత చర్యల్లో ఇదొకటి. ఇది దెబ్బతింటే నడుస్తుంటే అక్షరాలు ఎగురుతాయి, తల తిప్పితే దృశ్యం జారిపోతుంది. చాలామంది కంటి డాక్టరు దగ్గరికెళ్లి అద్దాలు మార్పించుకుంటారు. కంటిచూపు 6/6 ఉంటుంది, బాధ మాత్రం పోదు.

దెబ్బ తగిలినప్పుడు ఈ వ్యవస్థలో ఏ భాగమైనా చెడొచ్చు. అందుకే ‘తలకు దెబ్బ తగిలింది కాబట్టి తిరుగుతోంది’ అన్న మాట ఎవరన్నా సరే, అది రోగనిర్ధారణ కిందకు రాదు. నిర్ధారణ అక్కడి నుంచి మొదలవ్వాలి.

చోటు తప్పిన స్ఫటికాలు

తలకు దెబ్బ తర్వాత తల తిరగడానికి తరచుగా కనపడే కారణాల్లో ఒకటి చాలా తేలిగ్గా నయమయ్యేది. దాన్ని కనిపెట్టకుండా వదిలేయడం ఎక్కువగా బాధ కలిగించేది కూడా అందుకే. లోచెవిలో మూడు గొట్టాలతో పాటు రెండు చిన్న సంచులుంటాయి. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేటు స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. కిందేదో మీదేదో మెదడుకు తెలిసేది వాటి బరువు వల్లే. గట్టి దెబ్బ తగిలితే కొన్ని ఊడి గొట్టాల్లోకి జారతాయి. తల స్థానం మారినప్పుడల్లా అవి దొర్లి ద్రవాన్ని కదిలిస్తాయి. మనిషి మంచం మీదే ఉంటాడు, చెవి మాత్రం గిరగిరా తిరుగుతున్నామని కబురు పంపుతుంది.

దీనికి గుర్తులు స్పష్టంగా ఉంటాయి. పడుకున్నప్పుడు, ఒత్తిగిల్లినప్పుడు, లేచినప్పుడు, తలెత్తినప్పుడు వస్తుంది. ఉధృతంగా వచ్చి నిమిషం లోపే తగ్గిపోతుంది. కదలకుండా ఉంటే రాదు. వైద్యులు అడగాల్సింది, మనం చెప్పాల్సింది ఇదే: ఏం చేస్తే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, మధ్యలో బాగుంటోందా. ఒక్కోసారి మెషీన్లన్నిటి కన్నా ఈ మూడు ప్రశ్నలే ఎక్కువ చెబుతాయి.

ఈ రంగానికి దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు రాబర్ట్ బరానీ. వియన్నాలో చెవి వైద్యుడు. రోగుల చెవులు నీళ్లతో కడుగుతున్నప్పుడు నీళ్లు చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా తల తిరుగుతోందని వాళ్లు చెప్పేవారు. అప్పుడు కళ్లు ఒక దిక్కుకి కొట్టుకోవడం, నీటి వేడి మారితే ఆ దిక్కు కూడా మారడం ఆయన గమనించాడు. లోచెవిని బయటి నుంచి పరీక్షించే దారి అలా దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో చేరి తలకు గాయాలైన సైనికులకు వైద్యం చేస్తూ రష్యన్లకు చిక్కాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి తనదేనన్న వార్త యుద్ధఖైదీగా ఉండగా తెలిసింది. స్వీడన్ రాకుమారుడు కార్ల్, రెడ్‌క్రాస్ జోక్యంతో 1916లో విడుదలయ్యాడు. తల స్థానం మారితే వచ్చే ఈ తిరుగుడును 1921లో ఆయన వివరించాడు. 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ దాన్ని పట్టుకునే పరీక్ష స్థిరపరిచారు. రోగిని మంచం మీద కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు పక్కకు తిప్పి, తల మంచం అంచు నుంచి కొద్దిగా వేలాడేలా చప్పున పడుకోబెడతారు. కొన్ని క్షణాలాగి కళ్లు కొట్టుకోవడం మొదలైతే జబ్బు దొరికినట్టే. ఈ పరీక్షకు కావాల్సింది ఒక మంచం, నేర్చిన రెండు చేతులు, రోగి కళ్లను చూసే ఓపిక. మండల స్థాయి ఆస్పత్రిలోనూ చేయొచ్చు.

చికిత్స ఇంకో ముప్పై ఏళ్లకు వచ్చింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ, ఊడిన స్ఫటికాలను తల తిప్పడంతోనే గొట్టంలోంచి బయటికి దొర్లించొచ్చని 1980లో తోటి వైద్యులకు చూపిస్తే నమ్మినవాళ్లు తక్కువ. ఆయన వ్యాసం అచ్చయింది 1992లో. ఇప్పుడు ప్రపంచమంతా చేసేది అదే పద్ధతి. పరీక్షలో పడుకోబెట్టిన భంగిమ నుంచే మొదలుపెట్టి, తలను రెండోవైపుకి తిప్పి, ఆ తర్వాత మనిషిని పూర్తిగా పక్కకు ఒత్తిగిలించి, చివరికి లేపి కూర్చోబెడతారు. ప్రతి భంగిమలోనూ అర నిమిషం నుంచి నిమిషం ఉంచుతారు. మొత్తం ఐదు నిమిషాల పని. మందు లేదు, సూది లేదు. చాలామందికి ఒకటి రెండుసార్లతోనే తగ్గుతుంది. ఏడాదిగా బిళ్లలు మింగుతున్న మనిషికి ఐదు నిమిషాల్లో తగ్గే జబ్బు ఉండొచ్చన్న ఆలోచన మన ఆస్పత్రుల్లో ఇంకా తగినంతగా రాలేదు. దీన్ని నేను వైద్యలోపం కన్నా పెద్ద విషయంగా చూస్తాను. అది ఆ మనిషి జీవితంలో ఏడాది.

ఇక్కడ ఒక హెచ్చరిక. దెబ్బ వల్ల వచ్చే ఈ రకం, వయసు మీదపడి వచ్చేదాని కన్నా మొండిది. రెండు చెవుల్లోనూ ఉండొచ్చు, ఒకటికి మించిన గొట్టాల్లో ఉండొచ్చు, తగ్గినట్టే తగ్గి తిరిగి రావొచ్చు. పైగా ప్రమాదంలో మెడ ఎముక కూడా దెబ్బతిని ఉండొచ్చు. ఆ సంగతి తేల్చుకోకుండా యూట్యూబు వీడియో చూసి ఇంట్లో మెడ తిప్పించుకోవద్దు. మొదటిసారి తప్పకుండా నేర్చినవాళ్ల చేతుల్లోనే జరగాలి.

మిగతా కారణాలు

దెబ్బకు లోచెవి మొత్తం అదిరిపోయి ఉండొచ్చు. అప్పుడు తిరుగుడుతో పాటు వినికిడి తగ్గుతుంది, చెవిలో హోరు ఉంటుంది. కణత ఎముక విరిగితే నరమే తెగిపోవచ్చు, ముఖం ఒకవైపు వంకర పోవచ్చు. మధ్యచెవికీ లోచెవికీ మధ్య ఉన్న సన్నటి పొర చిరిగితే తుమ్మినా, దగ్గినా, బరువెత్తినా తల తిరుగుతుంది. మెదడు లోపలి సన్నని తంతువులు సాగి దెబ్బతింటే, లేదా చిన్నమెదడుకే గాయమైతే, గది తిరగదు గాని మనిషి తాగినవాడిలా తూలుతాడు, కాళ్లు ఎడంగా వేసి నడుస్తాడు. ఊళ్లో ఇది ఎంత అవమానమో చెప్పక్కర్లేదు. ఎన్నడూ కల్లు ముట్టని మనిషిని కూడా పొద్దున్నే తాగి వచ్చాడంటారు.

తలనొప్పితో, వెలుతురు పడకపోవడంతో కలిసి వచ్చే తిరుగుడు దెబ్బ తర్వాత మొదలైన మైగ్రేన్ కావొచ్చు. దానికి మందులు వేరే ఉన్నాయి. నెలల తరబడి మంచాన ఉన్నవాళ్లకు లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్మొచ్చు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే తేలిపోయే విషయం. మెడకు తగిలిన కుదుపు వల్ల మెడ కండరాల నుంచి మెదడుకు తప్పుడు కబుర్లు వెళ్లొచ్చు. అయితే మన దగ్గర తల తిరుగుడు అనగానే మెడ ఎక్స్‌రే తీసి, ఎముక అరిగిందని చెప్పి పట్టీ వేయడం రివాజైపోయింది. నలభై దాటిన మెడల్లో చాలావాటికి ఎక్స్‌రేలో అరుగుదల ఉంటుంది. అదే కారణమని తేల్చేముందు చెవినీ, కళ్లనూ, నడకనూ చూడాలి.

ఇంకో కారణం మందులే. తలకు దెబ్బ తగిలినవాళ్లకు మూర్ఛ రాకుండా ఫెనిటోయిన్ లాంటి మందులిస్తారు. ఒంట్లో దాని మోతాదు ఎక్కువైతే కళ్లు కొట్టుకుంటాయి, నడక తూలుతుంది. రక్తపరీక్షలో ఇది తెలుస్తుంది. ఆ మందును మాత్రం ఎవరికివారు ఆపకూడదు, ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావొచ్చు.

తల తిరుగుడు బిళ్లల సంగతి కూడా తేల్చి చెప్పాలి. ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ లాంటివి మొదటి రోజుల్లో, వాంతులతో లేవలేనప్పుడు నిజంగా ఆదుకుంటాయి. చెవి నుంచి వచ్చే తప్పుడు కబురును అవి అణచిపెడతాయి. నెలల తరబడి వాడితే మాత్రం, ఆ కబురు తప్పని మెదడు నేర్చుకుని సర్దుకునే ప్రక్రియ మందగిస్తుంది. పెద్దవయసువాళ్లలో చేతులు వణకడం, అడుగు పడకపోవడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా రావొచ్చు. నెల దాటి ఈ బిళ్లలు వేసుకుంటున్నవాళ్లు, ఇంకా ఎన్నాళ్లు వాడాలని డాక్టరును సూటిగా అడగాలి.

కదిలితేనే కుదుటపడుతుంది

తల తిరిగే మనిషి ఏం చేస్తాడు? తల కదపడం మానేస్తాడు. మెడ బిగబట్టి, మొత్తం ఒళ్లు తిప్పి చూస్తాడు. ఇల్లు కదలడు. ఇంట్లోవాళ్లు కూడా కదలనివ్వరు. అది ప్రేమే, కాదనలేం. కానీ మెదడు కోలుకోవడానికి కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ కింగ్స్ కాలేజ్ ఆస్పత్రిలో టెరెన్స్ కాథోర్న్ అనే చెవి శస్త్రవైద్యుడు, కుక్సీ అనే పునరావాస వైద్యుడు ఈ సంగతి గుర్తించారు. తలకు గాయాలైనవాళ్లలో, చెవికి శస్త్రచికిత్స జరిగినవాళ్లలో తొందరగా కదలడం మొదలుపెట్టినవాళ్లే తొందరగా కోలుకుంటున్నారు. దాంతో వరుసక్రమంలో వ్యాయామాలు తయారుచేశారు. ముందు మంచం మీదే కళ్లు పైకీ కిందికీ, పక్కలకీ తిప్పడం. ఆ తర్వాత తల. తర్వాత కూర్చుని వంగి నేలమీది వస్తువు తీయడం, లేచి నిలబడటం, బంతి ఒక చేతి నుంచి ఇంకో చేతికి వేసుకోవడం, మెట్లెక్కి దిగడం, ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసుకుని. గుంపుగా చేయించేవారు. పక్కనున్నవాడు కూడా తూలుతూ, నవ్వుతూ చేస్తుంటే భయం పోతుంది. ఎనభై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఫిజియోథెరపీ పుస్తకాల్లో ఆ ఇద్దరి పేర్లతోనే ఆ వ్యాయామాలున్నాయి.

ఇప్పుడు వ్యాయామాలు ఒక్కొక్కరికీ లోపాన్ని బట్టి ఇస్తారు. చూపు నిలవనివాళ్లకు గోడమీది క్యాలెండర్‌లో ఒక తేదీ మీద చూపు నిలిపి, అంకె చెదరకుండా తలను ఎడమకూ కుడికీ తిప్పమంటారు. మొదట నెమ్మదిగా, పోనుపోను వేగంగా. కాళ్లు నిలవనివాళ్లను గోడ మూల నిలబెట్టి, పాదాలు దగ్గరగా పెట్టి, తర్వాత ఒక అడుగు ముందు ఒక అడుగు పెట్టి, ఆ తర్వాత మెత్తటి దిండు మీద నిలబడమంటారు. జనాన్ని, కదిలే బొమ్మల్ని చూస్తే తిరిగేవాళ్లకు ఆ దృశ్యాలనే కొద్దికొద్దిగా అలవాటు చేస్తారు. చేస్తున్నప్పుడు కొంచెం తల తిరుగుతుంది, తిరగాలి కూడా. అది మెదడు నేర్చుకుంటున్న గుర్తు. ఆపాక చాలాసేపటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించాలి. చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇది నమ్మకం మీద నడిచే వైద్యం కాదు. కెనడాలోని కాల్గరీలో కాథరిన్ ష్నైడర్ బృందం ఆటల్లో తలకు దెబ్బ తగిలి తిరుగుడు, మెడనొప్పి, తలనొప్పి పోని 31 మంది మీద చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. అందరికీ మామూలు వ్యాయామాలు, విశ్రాంతి ఇచ్చారు. సగం మందికి అదనంగా మెడకూ లోచెవికీ ప్రత్యేక ఫిజియోథెరపీ ఇచ్చారు. ఎనిమిది వారాల్లో తిరిగి ఆడొచ్చని వైద్యులు అనుమతించింది ప్రత్యేక చికిత్స పొందినవాళ్లలో నూటికి 73 మందిని, మిగతావాళ్లలో నూటికి ఏడుగురిని. చిన్న పరిశోధనే, తేడా మాత్రం చిన్నది కాదు. తేలికపాటి దెబ్బకు నెల రోజులు చీకటి గదిలో పడుకోబెట్టే అలవాటు కూడా తప్పని తేలింది. ఆటల్లో తలదెబ్బల మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన నిపుణులు చెప్పింది, మొదటి 24 నుంచి 48 గంటలు మాత్రమే పని తగ్గించుకోమని, ఆ గంటల్లోనే మెల్లగా నడక మొదలుపెట్టొచ్చని. తీవ్రమైన దెబ్బలకు, ఆపరేషన్ అయినవాళ్లకు లెక్క వేరు. అక్కడ సర్జన్ మాటే ఆఖరు.

‘అంతా నీ మనసులోనే ఉంది’

కొందరికి చెవి బాగుపడుతుంది, స్ఫటికాలు చోటు చేరతాయి, అయినా ఒళ్లు పడవలో ఉన్నట్టు ఊగుతూనే ఉంటుంది. నిలబడితే ఎక్కువ, రంగురంగుల చీరలు వేలాడే బట్టల షాపులోకెళ్తే ఇంకా ఎక్కువ. ఒకసారి పడిపోయిన భయంతో మెదడు అతిజాగ్రత్తలోకి వెళ్లి, ఆ జాగ్రత్త నుంచి బయటికి రాలేకపోవడం ఇది. మూడు నెలలు దాటి కొనసాగే ఈ స్థితికి 2017లో బరానీ పేరిటే ఉన్న అంతర్జాతీయ వైద్యసంఘం లక్షణాలను నిర్దేశించింది. వ్యాయామాలు, మాటల ద్వారా చేసే మానసిక చికిత్స, కొన్ని ఆందోళన తగ్గించే మందులు దీనికి పనిచేస్తాయి. సైకియాట్రిస్టు దగ్గరికి పంపారంటే నాటకమాడుతున్నాడని అర్థం కాదు. ఇది మెదడు పనితీరులో వచ్చిన మార్పు, బాధ నిజం.

ఈ బాధలో ఉన్న కోడలు వంటింట్లో వంగి పని చేయలేకపోతే బద్ధకమంటారు. కుర్రాడు కాలేజీ మానేస్తే ఫోను చూసుకోడానికంటారు. ఒంటిమీద కట్టు లేదు, చేతిలో కర్ర లేదు కాబట్టి ఎవరికీ జాలి కలగదు. ఇంట్లో ఒక్కరు నమ్మినా మనిషి సగం తేరుకుంటాడు. ఆ ఒక్కరూ మీరు కండి.

ఇంట్లో కొన్ని మార్పులు వెంటనే చేయొచ్చు. స్నానానికి స్టూలు వేయండి, కళ్లు మూసుకుని నిలబడి తల రుద్దుకోనివ్వద్దు. లోచెవి చెడ్డ మనిషి చీకట్లో కళ్ల ఆసరా కూడా లేక పడిపోతాడు, రాత్రి బాత్‌రూం దారిలో చిన్న దీపం ఉంచండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. పొలం గట్ల మీద, బావి దగ్గర, చెరువు దగ్గర ఒంటరిగా వద్దు. నిచ్చెన, చెట్టు, బైకు డాక్టరు సరేననేదాకా మానాలి. మద్యం చిన్నమెదడునూ, లోచెవినీ కూడా మత్తులో ముంచుతుంది, పూర్తిగా ఆపాలి. రెండోసారి పడితే తగిలేది మళ్లీ ఆ తలకే.

ఇంకొన్ని గుర్తులు కనపడితే ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి వెళ్లాలి. తలనొప్పి రోజురోజుకీ పెరగడం, పదేపదే వాంతులు, మత్తుగా పడుండటం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం, కాలో చెయ్యో లాగేయడం, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలాంటి ద్రవం కారడం, హఠాత్తుగా చెవి వినపడకపోవడం. పెద్దవయసువాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న దెబ్బ తగిలినా కొన్ని వారాల తర్వాత మెదడు పైన రక్తం చేరి ఒత్తిడి పెరగొచ్చు. అప్పుడెప్పుడో పడ్డారు కదా, దానికీ దీనికీ సంబంధం ఏముందని అనుకోవద్దు.

పరిహారం, సర్టిఫికెట్

తాపీమేస్త్రీకి తల తిరిగితే పరంజా ఎక్కలేడు. ఆటో డ్రైవర్‌కి తిరిగితే బండి తీయలేడు. కానీ చెయ్యి, కాలు సరిగానే ఉన్నాయి కాబట్టి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో వేసే శాతంలో ఈ నష్టానికి చోటు దొరకడం కష్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలదెబ్బ వల్ల వచ్చే తూలుడు విడిగా ఆ జాబితాలో లేదు. అయితే ప్రమాద పరిహారం విషయంలో ఒక తీర్పు అందరూ గుర్తుంచుకోవాలి. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఒంటికి జరిగిన నష్టపు శాతమూ సంపాదన నష్టపు శాతమూ ఒకటి కానక్కర్లేదని చెప్పింది. ఎడమ చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం ఉండొచ్చు, డ్రైవర్‌కి బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది. తల తిరుగుడుకూ ఇదే న్యాయం వర్తించాలని వాదించాలంటే రుజువు కావాలి. అందుకే మొదటి రోజు నుంచి ప్రతిసారీ తల తిరుగుతోందన్న మాట ఓపీ చీటీలో రాయించుకోండి. లోచెవి పరీక్షల కాగితాలు దాచుకోండి.

రెండు తెలుగు రాష్ట్రాల వైద్యశాఖలూ పెద్ద కష్టమేమీ లేకుండా ఒక పని చేయొచ్చు. తలకు దెబ్బతో చేరిన ప్రతి మనిషికీ డిశ్చార్జికి ముందు, మెడ సురక్షితమని తేలాక, డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేయాలి. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడాలి. పదడుగులు నడిపించి చూడాలి. ఫలితం డిశ్చార్జి కాగితంలో రాయాలి. జిల్లా ఆస్పత్రిలో ఒక్క ఫిజియోథెరపిస్టుకైనా ఈ వ్యాయామాల్లో శిక్షణ ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాల్లో ఆపరేషన్‌తో పాటు ఈ పునరావాసానికి కూడా ప్యాకేజీ ఉండాలి. కోట్లు ఖర్చుపెట్టి కాపాడిన ప్రాణాన్ని గోడ పట్టుకుని బతకమనడం న్యాయం కాదు.

మీ ఇంట్లో, మీ వీధిలో తలకు దెబ్బ తగిలి ఇంకా తూలుతున్న మనిషి ఉంటే ఈ వారమే చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో తీసుకెళ్లండి. ‘డాక్టరుగారూ, పడుకోబెట్టి కళ్లు చూసే పరీక్ష చేశారా?’ అని అడగండి. చేయలేదంటే చేయమని అడగండి.